తొమ్మిదో జంట

దయ్యాల కథ ఎవరైనా నా ముందు మొదలుపెడితే నేను మూడు ప్రశ్నలు వేస్తాను. ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఎంత ఉంది, మీతోపాటు ఇంకెవరు చూశారు. మామూలుగా రెండో ప్రశ్నకే వాళ్ళు మాట మార్చి కాఫీ సంగతి ఎత్తుతారు. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. దయ్యాలూ లేవు, గాలీ లేదు, ధూళీ లేదు అని నమ్మి పెరిగాను. ఇప్పటికీ చీకట్లో పెరట్లోకి వెళ్ళడానికి నాకు లాంతరు అక్కర్లేదు.

ఇక్కడ చెప్పబోయే సంగతికి ఆ మూడు ప్రశ్నలూ నాకు నేనే వేసుకున్నాను. ఇరవై గజాల లోపు నుంచి చూశాను. వెలుతురంటారా, మే నెలలో పొద్దున్న పదిన్నర ఎండ. నాతోపాటు చూసిన మనిషి ఒకావిడ ఉంది. అయినా నాకు లెక్క తేలలేదు.

ఇది పందొమ్మిది వందల ముప్పైల్లో మాట. నేను ఏలూరులో ఒక మిషను ఆడపిల్లల బడిలో కొత్తగా చేరాను. ఇరవై నాలుగేళ్ళ వయసు, నోటి దురుసు ఎక్కువ. మద్రాసులో మూడు నెలలు ఆటల శిక్షణ పొంది వచ్చాను. వచ్చిన దగ్గర్నుంచీ నాకు ఒకటే పిచ్చి. ఆడపిల్లలు బయట ఆడాలి. పరుగెత్తాలి, పడాలి, లేవాలి, ఈత నేర్చుకోవాలి.

అప్పట్లో మా పిల్లల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయేది. పదకొండేళ్ళకే ముసలమ్మల్లాగా నడిచేవాళ్ళు. బడి, ఇల్లు, చంకలో తమ్ముడు. వేసవి సెలవులు వస్తే ఆ బడి కూడా ఉండదు, ఇక వంటిల్లే. మగపిల్లలు చెరువుల్లో ఈదుతుంటే వీళ్ళు గట్టు మీద వాళ్ళ చొక్కాలకు కాపలా.

అందుకని వేసవిలో పదిహేను రోజులు పిల్లల్ని కొల్లేటికి తీసుకువెళతానని మా బడి పెద్ద, దొరసానమ్మగారిని అడిగాను. కొల్లేట్లో ఒక లంక మీద మిషనుకి తాటాకుల పాక బడి ఒకటి ఉండేది. వేసవిలో అది ఖాళీ. ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టారు. పద్దెనిమిది మంది పిల్లలుంటేనే శిబిరం. ఒక్కరు తగ్గినా శిబిరం లేదు. హాజరు పట్టీ రోజూ రాసి ఉంచాలి, తిరిగొచ్చాక తను చూస్తారు.

పద్దెనిమిది మందిని కూడగట్టాను. జంటలు కూడా బడిలోనే కట్టేశాను, ఎందుకంటే నీళ్ళ దగ్గర జంట లేకుండా ఎవరినీ దింపకూడదని శిక్షణలో ఒట్టు వేయించినంత పని చేశారు.

అందులో ఒక జంట మార్త, వరలక్ష్మి. మార్త ఉంగుటూరు వైపు పిల్ల, మా హాస్టల్లో ఉండేది. తల్లిదండ్రులు పొలం పనులు చేసుకునేవాళ్ళు. వరలక్ష్మి వాళ్ళ నాన్నగారికి తాడేపల్లిగూడెంలో బట్టల కొట్టు. ఆ పిల్ల ఏలూరులో అమ్మమ్మగారింట్లో ఉండి చదువుకునేది. ఇద్దరూ ఒకే బెంచీ. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే వరలక్ష్మికి వాళ్ళ అమ్మమ్మ తలమీద నీళ్ళు పోస్తేగాని లోపలికి రానిచ్చేది కాదు. అది తెలిసి మార్తే బెంచీ మీద నాలుగు వేళ్ళ ఎడం వదిలి కూర్చునేది. ఆ ఎడం మీదే ఇద్దరూ చింతగింజలు ఆడుకునేవారు.

కొల్లేటి మాట ఎత్తిన దగ్గర్నుంచీ వరలక్ష్మి నా కొంగు వదల్లేదు. బురద ఎంత లోతుంటుందండీ, కాళ్ళు కూరుకుపోతాయాండీ, చేపలు కరుస్తాయాండీ. రోజూ ఇవే ప్రశ్నలు.

బయలుదేరే రెండు రోజుల ముందు వాళ్ళ నాన్నగారు బడికి వచ్చారు. చాలా మర్యాదస్తుడు. నిలబడే మాట్లాడారు.

"ఏమీ అనుకోకండి పంతులమ్మగారూ. పెద్దదవుతున్న పిల్లండీ. ఎండలో, నీళ్ళల్లో గంతులంటే మా వాళ్ళల్లో నలుగురూ నాలుగు మాటలంటారు. భోజనాల సంగతి కూడా ఉంది కదండీ. మా ఊరు తీసుకుపోతానండీ."

నేను వాదించాను. ఎండ తగిలితే ఎముక గట్టిపడుతుందన్నాను, ఆడితే ఆకలి వేస్తుందన్నాను, వంట వేరే వండిస్తానన్నాను. ఆయన ప్రతిదానికీ నవ్వుతూ "ఆయ్, నిజమేనండీ" అంటూనే పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. వరలక్ష్మి ఏడవలేదు. గేటు దాకా వెనక్కి తిరిగి చూస్తూ నడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడే నేను తప్పు చేశాను. మా వృత్తిలో ఇది పాత రోగం. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే రాని పిల్లలు కూడా పట్టీలో వచ్చేస్తారు. దొరసానమ్మగారికి పదిహేడు అని చెబితే శిబిరం పోతుంది. ఆ పదిహేడు మందీ మళ్ళీ వంటింట్లోకి పోతారు. నేను వరలక్ష్మి పేరు కొట్టేయలేదు. పద్దెనిమిది అని చెప్పి పిల్లల్ని ఎక్కించేశాను.

మే నెలలో కాలవలకు నీళ్ళు కట్టేస్తారు కాబట్టి పడవలు లేవు. ఎడ్లబళ్ళ మీద కొల్లేటి అంచుదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి తాటి దోనెల్లో లంకకి చేరాం. నీళ్ళు బాగా తగ్గి ఉన్నాయి. లంకకి పడమర వైపు వంద గజాల మేర నడుం లోతు, అట్టడుగున మోకాలి దాకా దిగబడే నల్లటి బురద. ఆ పైన ఒక పాత ఏటి పాయ ఉంది, అక్కడ నిలువు లోతు. ఆ పాయకి ఇవతలే వెదురు గడలు పాతించి, అవి దాటితే వీపు చిట్లుతుందని చెప్పాను.

వంటకి ఆ లంకలోనే చేపలు పట్టుకునే ఇంటావిడ కుదిరింది, నాంచారమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది, నవ్వని మనిషి. నేను తీసుకొచ్చిన పిల్లల పేర్లుగానీ, పట్టీ గొడవగానీ ఆవిడకి తెలియవు. చదువు రాదు.

రోజూ పొద్దున్నే హాజరు పిలిచేదాన్ని. చేతి అలవాటు కొద్దీ, పైగా అబద్ధాన్ని సగంలో వదిలేయడం ఇష్టం లేక, వరలక్ష్మి పేరు కూడా పిలిచాను. మొదటి రోజే మార్త "హాజరండీ" అంది. పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వి హాజరు గీత పెట్టేశాను. తర్వాత అదొక ఆటయిపోయింది.

ఆ పిల్లల సంబరం చూడాలి. తొక్కుడుబిళ్ళ, చెడుగుడు, బురదలో పరుగులు. ఆడపిల్లలు కూత పెట్టి చెడుగుడు ఆడుతుంటే లంకలో మగవాళ్ళు వలలు పక్కన పెట్టి వచ్చి చూశారు. మూడో రోజుకి ఒక్కొక్కరూ తామరాకు నిండా అన్నం తిని మళ్ళీ పెట్టమన్నారు. పదింటికి నీళ్ళలో దింపేదాన్ని.

నీళ్ళలో నా పద్ధతి ఇది. ఈల రెండుసార్లు ఊదితే ఎవరెక్కడున్నా తమ జంట చెయ్యి పట్టుకుని, రెండు చేతులూ కలిపి పైకెత్తి, కదలకుండా నిలబడాలి. నేను ఎత్తిన జంటలు లెక్కపెడతాను. మార్తకి జంట లేదు కనుక ఆ పిల్ల గట్టు పక్కన పాతిన గుంజ పట్టుకోవాలి. ఎనిమిది జంటలు, గుంజ దగ్గర ఒకరు. అంతే లెక్క. ముగ్గురిని ఒక జట్టు చేయొచ్చు కదా అనొచ్చు. ముగ్గురున్నచోట ఇద్దరు ఒకరినొకరు చూసుకుని మూడోవారిని మరిచిపోతారని శిక్షణలో గట్టిగా చెప్పారు.

నాలుగో రోజు ఈల ఊది లెక్కపెట్టాను. తొమ్మిది జంటలు.

గుంజ దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ లెక్కపెట్టాను, ఈసారి కుడి నుంచి ఎడమకి. తొమ్మిదే. అందరినీ గట్టెక్కించి తలలు లెక్కపెట్టాను. పదిహేడు. నీళ్ళ మీద ఎండ తెల్లగా కొడుతోంది, ఒక జంటని రెండుసార్లు లెక్కపెట్టి ఉంటాననుకున్నాను. లెక్కల పంతులమ్మని, తొమ్మిది దాకా లెక్కపెట్టలేకపోయానే అని సిగ్గేసింది. ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఒక తామరాకు మిగిలింది, అన్నంతో సహా. పదిహేడు మందే కదా అని నాంచారమ్మను అడిగాను.

"పద్దెనిమిదండీ. నీళ్ళల్లో ఉన్నప్పుడు నేను లెక్కెట్టే వండానండీ" అంది. గరిట కడుక్కుంటూ, తల ఎత్తకుండా ఇంకో మాట అంది. "ఆ ఒక్క పిల్ల కాళ్ళకి బురదంటుకోదేంటండీ?"

ఏ పిల్ల అని అడిగాను. నీళ్ళవైపు చూసి, పాకలో బారుగా కూర్చున్న పిల్లల వైపు చూసి, చాలాసేపు వెతికింది. "ఇందాక గట్టెక్కిందండీ" అంది. అందరి కాళ్ళూ పిక్కల దాకా నల్లగానే ఉన్నాయి. కొల్లేటి బురద ఒకసారి కడిగితే పోయేది కాదు. నాకు చిరాకేసి, ఎండకి కళ్ళు బైర్లు కమ్మాయేమో, కాస్త మజ్జిగ తాగమన్నాను. మర్నాడు మళ్ళీ పద్దెనిమిది ఆకులే వేసింది. నేను ఒకటి తీసేశాను. ఆవిడ నాతో పంతం పట్టలేదు, ఒప్పుకోనూ లేదు.

ఐదో రోజు, ఆరో రోజు కూడా తొమ్మిదే వచ్చాయి. ఏడో రోజు జంటలు లెక్కపెట్టడం మానేసి ఒక్క మార్తనే చూస్తూ ఈల ఊదాను.

మార్త ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి కుడిచెయ్యి పైకెత్తింది. ఒక్కతే ఉంది. అది నిజం, ఒక్కతే. కానీ ఆ చెయ్యి ఒంటి చెయ్యిలాగా లేదు. వేళ్ళు విడివడి, వాటి సందుల్లో ఇంకొకరి వేళ్ళు ఇమిడినట్టు వంగి ఉన్నాయి. ఉండి ఉండి చెయ్యి పక్కకి గుంజుకుపోతోంది, పొట్టి పిల్లని పట్టుకుంటే లాగినట్టు. పక్కన నీళ్ళమీద నాచు తేలుతోంది. ఆ నాచు మార్త చుట్టూ ఎలా చీలి ఉందో, మార్తకి పక్కన జానెడు ఎడంలో ఇంకోచోట కూడా అలాగే గుండ్రంగా చీలి ఉంది. గాలి లేదు. నేను ఈల నోట్లోనే ఉంచుకుని అలా చూస్తూ ఉండిపోయాను.

భయపడ్డానా అంటే, అప్పుడు భయం మార్త కోసమే. ఎందుకంటే అంతవరకూ గుంజ వదలని పిరికిపిల్ల ఆ నాలుగు రోజుల్లో అందరికంటే ముందు ఈత పట్టేసింది. రోజురోజుకీ లోతుకి పోతోంది. కోప్పడితే తల ఊపేది, మర్నాడు మళ్ళీ అంతే. పిల్లల్ని అడిగితే మార్త ఎవరితోనో మాట్లాడుకుంటూ ఉంటుందండీ అన్నారు. వాళ్ళకది వింతగా లేదు. పిల్లలు ఆటలో ఎన్నో చేస్తారు.

తొమ్మిదో రోజు కళ్ళు మూసి తెరిచేంతలో మార్త వెదురు గడలు దాటేసింది. ఎడమ చెయ్యి చాపి ఉంది. ముందెవరో లాగుతుంటే వెళుతున్నట్టు కాదు. వెనకనుంచి ఎవరినో పట్టి ఉంచుతున్నట్టు ఒళ్ళు వాల్చి ఉంది. నేను ఈల ఊదాను. పాయ అంచు దగ్గర, గడ్డం దాకా నీళ్ళలో, మార్త బుద్ధిగా చెయ్యి పైకెత్తి కదలకుండా నిలబడింది.

తొమ్మిది జంటలు. నా పద్ధతి ప్రకారం అందరూ క్షేమం.

నా లెక్క అందరూ క్షేమం అంటుండగానే ఆ పిల్ల మునిగిపోవచ్చు. చీరతోనే దూకాను. ఎలా చేరానో తెలియదు, మార్తని జుట్టు పట్టి లాక్కొచ్చి గట్టు మీద పడేశాను. చెంప మీద కొట్టాను కూడా. ఆ పిల్ల ఏడుస్తూ నాకేసి కాదు, నీళ్ళకేసి చూస్తోంది.

"దానికి లోతు తెలీదండీ. నేను పట్టుకోబట్టే నిలబడిందండీ" అంది.

ఎవరే అని అరిచాను.

"వరలక్ష్మండీ."

తడిబట్టలతోనే పాకలోకి వెళ్ళి పట్టీ తీశాను. వరలక్ష్మి పేరు మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కలంతో గీత కొట్టేశాను. తొమ్మిది రోజుల హాజరు మీద కూడా కొట్టేశాను. ఆ పాకలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. పట్టీని నా పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. పిల్లలకి ఆ మాట చెప్పలేదు. మర్నాటి నుంచి హాజరు పిలవడమే మానేశాను.

ఆ సాయంత్రం మళ్ళీ నీళ్ళలోకి దింపాను. దింపకపోతే పిల్లలకి జన్మలో నీళ్ళ భయం పోదు. ఈల ఊదితే ఎనిమిది జంటలు, గుంజ దగ్గర మార్త. గుంజని రెండు చేతులా కావలించుకుని నిలబడింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు నాంచారమ్మ పదిహేడు ఆకులే వేసింది.

మిగిలిన ఆరు రోజులూ ఏ చిక్కూ లేకుండా గడిచాయి. ఏలూరు చేరగానే దొరసానమ్మగారి దగ్గరికి వెళ్ళి పదిహేడు మందే వచ్చారని, అబద్ధమాడానని చెప్పేశాను. ఆవిడ పట్టీ చూడనైనా చూడలేదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి చూశారు. నల్లబడి, ఒళ్ళు చేసి, ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుతున్నారు. మళ్ళీ ఏడాది కూడా వెళ్ళమన్నారు. పట్టీ నా పెట్టెలోనే ఉండిపోయింది.

జూన్లో బడి తెరిచారు. మొదటి రోజే వరలక్ష్మి వచ్చింది. ఆటల గంటకి అందరూ మైదానంలోకి పరుగెత్తారు, ఆ పిల్ల వసారాలో స్తంభం దగ్గర ఆగిపోయింది. సెలవుల ముందు అందరికంటే ముందు పరుగెత్తిన పిల్ల. దగ్గరికి వెళ్ళి రమ్మన్నాను. తల దించుకుని చాలా మర్యాదగా చెప్పింది.

"నా పేరు కొట్టేశారు కదండీ."

ఎవరు చెప్పారు అని అడిగాను. స్తంభం మీద సున్నం గోటితో గీకుతూ నిలబడింది. మార్త చెప్పిందా అనుకుందామంటే మార్త ఇంకా రాలేదు. ఊళ్ళో నాట్లకి నారు పోసే ఆకుమళ్ళు సిద్ధం చేస్తున్నారని, పది రోజులు ఆలస్యంగా వచ్చింది. అదీగాక నేను గీత కొట్టిన సంగతి మార్తకే తెలియదు. పాకలో ఎవరూ లేరని ముందే చెప్పాను.

సాయంత్రం వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ నన్ను అరుగు మీదే కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. సెలవులన్నీ తనూ తాడేపల్లిగూడెంలోనే ఉన్నానంది. పిల్లని కొట్టు వెనక గదిలోంచి బయటికి రానివ్వలేదట.

"మొదట్లో రెండు మూడు రోజులు అలిగిందండీ. తర్వాత చక్కగా ఉందండీ. పొద్దున్నపూట చాప మీద పడుకుని కళ్ళు మూసుకుని తనలో తనే నవ్వుకునేదండీ. చేతులూ కాళ్ళూ ఆడించుకునేది. జుట్టంతా తడిసిపోయేదండీ, చెమటనుకున్నాం. ఒకరోజు పొద్దున్న పదకొండింటికి లేచి కూర్చుని ఒకటే ఏడుపండీ. వచ్చేయమన్నారమ్మమ్మా అంది. ఎవరే అంటే చెప్పదు. అప్పట్నుంచి ఇదిగో, ఇలా అయిపోయింది."

ఏ రోజు అని అడిగాను. ఆవిడకి తేదీ గుర్తులేదు. శుక్రవారం, తలంటుకునే రోజు అంది. నేను మార్తని లాక్కొచ్చింది శుక్రవారమే.

మర్నాడు ఆ పట్టీ తీసుకువెళ్ళి, వరలక్ష్మి ఎదురుగానే గీత కింద మళ్ళీ పేరు రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను. ఆ పిల్ల చూసి, "పోనీలెండి పంతులమ్మగారూ" అంది. నన్ను ఓదారుస్తున్నట్టు అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మళ్ళీ ఏడాది నేను గూడెం వెళ్ళి వాళ్ళ నాన్నగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్ల చిక్కిపోయిందని ఆయనకీ బెంగ పట్టుకున్నట్టుంది, సరే తీసుకెళ్ళండి అన్నారు. ఆ పిల్లే రానంది. ఇంకో రెండేళ్ళు మా బడిలో చదివింది. చదువులో ఫస్టు. ఆటల గంటకి మాత్రం వసారా దిగలేదు. మార్త ఆట మానేసి స్తంభానికి ఇవతల, ఆ పిల్ల అవతల కూర్చునేవారు. తర్వాత వరలక్ష్మికి పెళ్ళయి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళపైన ప్రతి వేసవీ పిల్లల్ని తీసుకువెళ్ళాను. ఎందరో ఈత నేర్చుకున్నారు, ఒక్కరికీ ఏమీ కాలేదు. నా పద్ధతి మంచిదే. ఆ రోజు మార్త ప్రాణం కాపాడాననే అనుకుంటాను. మార్త ఇప్పుడు మనవల్ని ఎత్తుకుంది, అందుకు దేవుడికి స్తోత్రం చెబుతాను.

కానీ లెక్క దగ్గర ఆగిపోతాను. శిబిరం ఇంకా ఆరు రోజులుంది. మార్తని మాత్రం ఒడ్డుకి లాగి, గడలు ఇంకా ఇవతలకి పాతించి, ఆ పేరు జోలికి పోకుండా ఉండి ఉంటే సరిపోయేది. లేని పిల్లని లేదని రాశాను, అంతేనేమో. లేక కొట్టు వెనక చీకటి గదిలోంచి ఎలాగో ఒకలా తప్పించుకుని ఆడుకోవడానికి వచ్చిన పిల్లని నేనే వెళ్ళగొట్టానేమో. ఏది నిజమో నాకు ఈరోజుకీ తెలియదు.